పాప ఇచ్చిన మేక

“మేకేది బాలవ్వా?” ఖాళీ కొట్టం ముందు నిలబడి అడిగింది సుచరిత.

బాలవ్వ తల వంచుకుంది.

రెండేళ్ల కిందట పల్లె చూడటానికి వచ్చిన పట్నపు కుటుంబాలు ఊళ్లోని పేదలకు తలో మేకను ఇచ్చాయి. బాలవ్వ చేతికి తాడు అందించింది సుచరిత కూతురు, ఎనిమిదేళ్ల ధన్వి.

ఆ ధన్వి చనిపోయి నలభై రోజులైంది. ఊళ్లో ఎవరికీ తెలియదు. పాప ముద్దాడిన మేకనైనా ఒక్కసారి తడుముకుందామని వచ్చింది సుచరిత. దాని మెడకు కట్టాలని పాప కొనుక్కున్న చిరుగంట ఆమె గుప్పిట్లో ఉంది.

“అమ్మేశావా?” గొంతులో కోపం దాగలేదు.

“పాప మేకను అమ్ముకుంటనా అమ్మా! పాపకు పానం బాగలేదు, దవాఖానల ఉన్నదని మిమ్ముల తోలుకొచ్చిన సారు చెప్పిండు. పాప బతకాలని పోచమ్మకు మొక్కి కోసిన. పాలిచ్చేదాన్ని కోయొద్దన్నరు అందరు. నాకున్నది గదొక్కటే. ఇంకేమియ్యాలె తల్లికి?”

సుచరిత ఖాళీ కొట్టం వైపు చూసింది.

“తగ్గింది గదమ్మా పాపకు?”

సుచరిత ఆ కళ్లలోని ఆశను చూసింది.

“తగ్గింది బాలవ్వా.”

బాలవ్వ పోచమ్మ గుడి దిక్కు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ చేతుల్లో గంట పెట్టింది సుచరిత.

“మేకనే లేకపాయె, నాకెందుకు?” బాలవ్వ నవ్వుతూ గంటను మళ్లీ ఆమె గుప్పిట్లోనే పెట్టి మూసింది. “పాపకే ఇయ్యమ్మా, ఆడుకుంటది.”