అంచు వరస

“అట్లే నిలబడప్పా, కదలొద్దు,” అంది వరూధిని.

పక్క ల్యాబ్‌లో పనిచేసే అభిజిత్ రోజూలాగే పిపెట్ కావాలంటూ వచ్చి, ఆమె పెంచుతున్న ఆవ మొక్కల ట్రే పక్కన ఆగిపోయాడు.

“ఈ అంచు వరసకి నీళ్ళుండాయి, వెలుతురుండాది. అయినా కష్టమొస్తే మేలుకునే జన్యువు వీటిలో మేలుకొని ఉండాది. పొడుగు పెరిగేది కూడా మానేసినాయి. నా థీసిస్ ఏం కావాల?”

“బయట జరిగే మెట్రో పనుల అదురేమో.”

“అదిరితే ట్రే అంతా అదరాల గదా. ఒకసారి నీ చెయ్యి చూసుకో.”

అభిజిత్ చూసుకున్నాడు. అతని వేళ్ళు ఆ వరస ఆకుల్నే మెల్లగా నిమురుతున్నాయి.

“రోజూ ఇదే పనా?”

“నీతో ఒక మాట చెబుదామనే వస్తాను. నోరు పెగలదు. చెయ్యేమో ఊరుకోదు.”

“రోజూ ఇట్లా నిమిరితే వీటికి గాలివానలో ఉన్నట్టే లెక్క. అందుకే ఆ జన్యువు మేలుకొనింది.”

వరూధినికి నవ్వు ఆగడం లేదు. నవ్వుతూనే ట్రే ఎత్తి అవతలి బల్ల మీద పెట్టింది. అభిజిత్ మొహం వాడిపోయింది.

ఆమె తిరిగొచ్చి, ట్రే ఉన్న చోట తన చెయ్యి పెట్టింది.

“నాకా జన్యువు లేదులే,” అంది.