ఆటోనగర్‌లో ఆడవాళ్లు లేరట

“ఆ పేజీ తీసెయ్యమ్మా,” అన్నారు జాన్ పాల్ గారు.

“తియ్యను సార్,” అంది ఇఫ్రా.

ఎం.ఏ. ఆఖరి సెమిస్టర్ పిల్ల, సోషియాలజీ హెచ్.ఓ.డి. మొహం మీదే అంత మాట అనేసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ క్లాస్‌మేట్లు నాలిక్కరుచుకున్నారు. మర్నాడే వైవా. ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే. ఆ భయం ఇఫ్రాకీ ఉంది. అయినా తియ్యనంది.

“ఆటోనగర్ పనుల్లో ఆడవాళ్లు లేరని ఇంతమంది పెద్దవాళ్లు రాశారు. నా పుస్తకంలో నేనూ రాశాను. అందరం తప్పు, నువ్వొక్కదానివే రైటా?”

“అందరూ రాయలేదు సార్. ఒక్కరు రాశారు. మిగతావాళ్లు చూసి ఎక్కించేసుకున్నారు.”

జాన్ పాల్ గారి మొహం ఎర్రబడింది. గైడ్ ఉషశ్రీ వైపు తిరిగారు.

“మీరైనా చెప్పండమ్మా. ఎందుకొచ్చిన గొడవ మనకి?”

“పేజీ ఉంటుంది సార్,” అంది ఉషశ్రీ.

ఇఫ్రా వాళ్లది లారీల రిపేరు షెడ్లుండే ఆటోనగర్ వెనక వీధి. తల్లి సైదాబీ ఇంటి వసారాలో కూర్చుని లారీ సీట్లు కుడుతుంది. ఆ వీధిలో సగం ఇళ్లలో ఆడవాళ్ల పని అదే. కానీ ప్రాజెక్టు మొదలుపెట్టిన కొత్తలో కాలేజీ లైబ్రరీలో కూర్చుని, డేటాబేస్‌లో ఆటోనగర్, మహిళలు అని ఇంగ్లీషులో కొడితే వచ్చిన ప్రతి వ్యాసానిదీ ఒకటే పాట. ఈ పరిశ్రమలో స్త్రీలు లేరు.

ఇఫ్రాకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా గైడ్ దగ్గరికి వెళ్లింది.

“మా అమ్మ లేదంటున్నారు మేడం!”

“ఉందని నువ్వంటే అది కోపం. రుజువు పట్రా.”

“ఎక్కడా లేదు మేడం. మొత్తం వెతికాను.”

“వాళ్ల మాటలతో వెతికితే వాళ్లు రాసిందే దొరుకుతుంది. మాట మార్చు. మీ అమ్మ చేసే పనికి పేరేంటో అది పెట్టి వెతుకు. సోషియాలజీ వ్యాసాలే చూపించమనే ఆ గడిలో టిక్కు తీసెయ్.”

తీసేసింది. సీటు కుట్టుపని అని ఒకసారి, ఇంటి దగ్గర చేసే పని అని ఇంకోసారి, మార్చి మార్చి కొట్టింది. దొరికింది. మెడనొప్పులతో వచ్చిన సీటు కుట్టే ఆడవాళ్ల మీద డాక్టర్ల వ్యాసం ఒకటి. ఎక్కడో కామర్స్ విభాగంలో పడున్న థీసిస్ ఇంకొకటి. రెంటిలోనూ ఆటోనగర్ ఉంది. ఆడవాళ్లూ ఉన్నారు. సోషియాలజీ వాళ్లెవరూ ఆ గుమ్మం తొక్కలేదంతే.

ఇఫ్రా ఎగిరి గంతేసింది. ఉషశ్రీ మాత్రం నవ్వలేదు.

“సగమే అయింది. ఆడవాళ్లు లేరన్న వ్యాసాలున్నాయే, వాటి చివర రిఫరెన్సులు చూడు. ఎవరు ఎవర్ని చూసి రాశారో లాగు. మొదటి గొర్రె దొరికేదాకా వదలకు.”

ఇఫ్రా లాగింది. ఒక వ్యాసం ఇంకోదాన్ని చూపించింది. అది మరోదాన్ని. చివరికి అన్నీ కలిసి ఒకే వ్యాసం దగ్గర ఆగాయి. చాలా ఏళ్ల కిందటిది. రాసినవాళ్ల పేరు గొట్టిపాటి యు. అంతే. దాని అడుగున ఇంకే ఆధారమూ లేదు. షెడ్ల యజమానులు అలా చెప్పారని ఒక ముక్క ఉంది.

“ఈయనెవరో గానీ మా వీధి మొహం కూడా చూడలేదు మేడం. ఓనర్లు ముందు గదిలో కూర్చోబెట్టి, టీ ఇస్తే తాగి, వాళ్లు చెప్పింది రాసుకుని వచ్చేశాడు!”

“ఆ మాటే రాయి.”

“కొంచెం మర్యాదగా రాయనా?”

“మనుషులకి మర్యాద ఇవ్వాలి. తప్పుకి ఇవ్వక్కర్లేదు. రాయి.”

రాసింది. ఆ పేజీయే ఇప్పుడు ఇంత రభసకి కారణం.

వైవాకి హైదరాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్ద పేరున్న మనిషి. ఆయన పుస్తకంలోనూ ఆడవాళ్లు లేరన్న ఆ వాక్యం ఉంది. పేజీ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎవరమ్మా నువ్వు, ఇలా రాయడానికి? ఆ రచయితకి జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చావా?”

“అన్ని డేటాబేసుల్లోనూ వెతికాను సార్. ఆ ఒక్క వ్యాసం తర్వాత ఆ పేరుతో ఇంకేమీ లేదు.”

“అంటే బతికున్నాడో లేడో కూడా తెలీని మనిషి మీద రాళ్లేస్తున్నావన్నమాట. ఇది చెల్లదు. ఈ పేజీ తీసేసి వచ్చే ఏడాది రా.”

ఇఫ్రా కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి గుర్తొచ్చింది. తల మాత్రం దించలేదు.

“వచ్చే ఏడాదీ ఈ పేజీతోనే వస్తాను సార్.”

ఎగ్జామినర్ పెన్ను తీశాడు. ఉషశ్రీ కుర్చీలోంచి లేచింది.

“వద్దమ్మా, కూర్చోండి,” అన్నారు జాన్ పాల్ గారు మెల్లగా.

ఆమె కూర్చోలేదు.

“ఆ వ్యాసం తర్వాత నాకు పెళ్లయి ఇంటిపేరు మారింది సార్, ఆ గొట్టిపాటి యు. నేనే, ఈ పిల్ల రాసిన ప్రతి అక్షరమూ నిజం.”