కాలికి అందిన క్లచ్

“క్లచ్ తేలిగ్గా ఉంటుందండీ,” అన్నాడు ట్రాక్టర్ల షోరూంలో సేల్స్‌మన్.

“లంచా? తేలిగ్గానే తినొచ్చాంలెండి!” అన్నాడు రైతు.

పక్కనున్న భార్యకి తల కొట్టేసినట్టయింది. పొద్దున ఆస్పత్రిలో తనని వరండాలో కూర్చోబెట్టి, ఒక్కడే డాక్టర్ని చూసొచ్చిన మనిషికి ఇక్కడీ చెవిటి వేషం ఏమిటి? సేల్స్‌మన్ పాపం ప్రతి ముక్కా గొంతు చించుకుని రెండేసిసార్లు చెబుతున్నాడు.

“మీ మూడెకరాలకి ఎర్రదే మేలండీ. బలమెక్కువ.”

“బలానికి మా ఆవిడ లేదూ! ఏదీ, నువ్వెక్కి తొక్కు.”

ఎర్రదాని క్లచ్ ఆమె కాలికి సగమే దిగింది. నీలందానిది పూర్తిగా దిగింది.

“ఇదే ఖాయం,” అన్నాడతను.

“నడిపేది మీరైతే నా కాలి కొలత దేనికండీ?”

అతను నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గేదాకా ట్రాక్టర్ చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

“వచ్చే దుక్కి దాకా నేనుండటం కష్టమన్నాడే డాక్టరు.” సేల్స్‌మన్ వైపు తిరిగాడు. “నా చెవులు బంగారంలా ఉన్నాయి బాబూ. రెండుసార్లు వింటే ఈవిడకి గుర్తుంటుందని మీ చేత అరిపించాను. ఏమీ అనుకోకండి.”

ఆమె క్లచ్ మీంచి కాలు తియ్యలేదు.

“బాబూ,” అంది సేల్స్‌మన్‌తో, “మొదటి నుంచి ఇంకోసారి చెప్పండి.”