చెయ్యివ్వనివాడు

చాచిన చేతిని అందుకోనివాడిదా పొగరు, ఎందుకు అందుకోలేదో అడగనివాడిదా?

స్కూటరును మిర్చి యార్డు వైపు మళ్ళిస్తూ కోచ్ ప్రేమ్‌చంద్ తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది.

అది 2003, మిరప కోతల కాలం. అరగంట క్రితం గుంటూరులో, కాలేజీ గ్రౌండులో, అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు అలవాటైన పాఠమే చెప్పాడు. మర్నాడు ఒంగోలులో ఫైనల్.

"ప్రత్తిపాడు ఎలీషా ఒక్క గోలూ కొట్టలేదు. పక్కవాళ్ళచేత కొట్టించాడు. కొట్టినవాళ్ళకు ఉద్యోగాలొచ్చాయి, అతనికి మోకాలు పోయింది. నా పక్కనే ఆడాడమ్మా, నాకు తెలుసు."

నిజానికి ప్రేమ్‌చంద్ ఎలీషాను ఎన్నడూ చూడలేదు.

కంచె దగ్గర నిలబడ్డ మాసిన చొక్కా మనిషి అంతా విన్నాడు. కాసేపు ఆట చూసి, మెల్లగా అన్నాడు.

"సార్, ఆ పాప బంతి వెంట పరిగెడతందండి. ఖాళీ వెంట పరిగెత్తమనండి."

ప్రేమ్‌చంద్ కేకేసి చెప్పగానే ఆ పాప, భవ్య, అలాగే పరిగెత్తింది. గోల్ పడింది.

ప్రేమ్‌చంద్ ముచ్చటపడి చెయ్యి చాపాడు. ఆ మనిషి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"చెయ్యివ్వకుండానే సార్‌కి చెయ్యిచ్చాడే," అంది భవ్య. అమ్మాయిలు కిసుక్కుమన్నారు.

"ఏంటయ్యా, పొగరా?"

"కాదండి, నా చేతులు..."

"దాచుకున్నావుగా. గేటు బయట దాచుకో, పో."

అతను గేటు దాటి వెళ్ళిపోయాడు.

గేటు వేసి వచ్చిన వాచ్‌మన్ బుల్లయ్య నసిగాడు.

"యార్డులో మిరపకాయల తొడిమలు తీసే మనిషండి. ఆ చెయ్యి పట్టుకుని మీరు కళ్ళు తుడుచుకున్నారా, పొద్దుగూకేదాకా మంటే. అందుకే ఎవరికీ చెయ్యివ్వడు."

ప్రేమ్‌చంద్ ఈల భవ్య చేతిలో పెట్టి, స్కూటరు తీశాడు.

యార్డులో అతను ఎర్రటి కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. ప్రేమ్‌చంద్ వంగి ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దండి, మంటెత్తుద్ది."

"ఎత్తనివ్వండి. తప్పు నాది. మీ పేరేంటి?"

తప్పు తనదే అయినట్టు అతను తల దించుకున్నాడు.

"మీ పక్కన ఆడినవాణ్ణేనండి. ఎలీషాని."

మంట అరచేతులకంటే ముందు ప్రేమ్‌చంద్ ముఖానికెక్కింది. అమ్మాయిల ముందు ఒక్క మాటతో తనను నవ్వులపాలు చేయగలిగీ ఈ మనిషి తనకు చెయ్యివ్వలేదు.

"స్కూటరెక్కండి," అన్నాడు. "అబద్ధమాడింది వాళ్ళ ముందు. నిజమూ అక్కడే చెప్పాలి."

ఎలీషాను వెనక కూర్చోబెట్టుకుని, గేటు దగ్గర ఆపకుండా, స్కూటరును నేరుగా గ్రౌండు మధ్యకు పోనిచ్చాడు.