ఆఖరి బండిలో దొర

"కొండ సంగతి తర్వాత రాద్దువుగానీ తల్లీ, ముందు కుక్కని ఎక్కించు. అది ఎక్కకపోతే కథ కదలదు," అన్నాడు తాత, కథ రాస్తున్న మనవరాలితో.

కుక్క అప్పటికే ఎక్కేసింది. రొట్టెల వ్యాను ముందు సీట్లో, పంచాయితీకి బయల్దేరిన పెద్దమనిషిలా ముక్కు పైకెత్తి కూర్చుంది.

"ఏంటిది?" అన్నాడు రొట్టెలాయన.

"దొర," అన్నాడు గేటాయన, కిటికీ మీద మోచేయి ఆనించి. "దారి ఇరుకు కదా, ఒకసారి ఒకవైపు బండ్లే వదులుతాం. ఇక్కణ్ణించి పోయే ఆఖరి బండిలో వీడు పోతాడు. వీడు పైకి చేరితే దారి ఖాళీ అయిందని లెక్క. అప్పుడు అక్కడ గేటు తీస్తారు. ఇవాళ ఆఖరి బండి నీదే."

"నా వెనక వచ్చేవాళ్ళకి ఇవ్వండి."

"నీ వెనక గేటు వేసేశాగా!"

"నాకు కుక్కలు పడవు."

"వాడికీ మనుషులు పెద్దగా పడరు. సర్దుకుంటాడులే."

రొట్టెలాయన గొంతు తగ్గించాడు. "నేను పైదాకా పోకపోతే?"

గేటాయన అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "అవతల పాలబండి ఉంటుంది. పిల్లల బడి బస్సుంటుంది. చలిలో పడిగాపులు పడతారు. నీ ఇష్టం మరి," అని, వ్యాను మీద అరచేత్తో చరిచి వెళ్ళిపోయాడు.

రొట్టెలాయన నిజంగానే పైదాకా పోదామని రాలేదు. అతని భార్య పోయి ఒక చలికాలం గడిచింది. ఆవిడ పిండి కలిపితే అతను కాల్చేవాడు. ఆవిడ పోయాక ఏ రొట్టే సరిగ్గా పొంగలేదు. ఆ పొద్దున పొయ్యి ఆర్పేసి, కొట్టు తాళంచెవి పక్క కొట్టు దర్జీ చేతిలో పెట్టి, "ఉంచండి" అన్నాడు. ఎన్నాళ్ళని అతను అడగలేదు, ఇతను చెప్పలేదు. కొండ సగంలో ఒక మలుపుంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ అక్కడ ఆగి, కాళ్ళ కింద మబ్బులు చూశారు. తన బతుకు కూడా అక్కడితో చాలించుకుందామనే బయల్దేరాడు.

వ్యాను ఎక్కుతున్నకొద్దీ ఊరు అగ్గిపెట్టెంత అయింది. దారి ఒకచోట దేవదారు చెట్ల నీడలోకి దూరి, ఇంకోచోట ఎండలోకి జారింది. ఎక్కడో పైనుంచి ఒక నీటిధార చప్పుడు లేకుండా రాలుతోంది. గాలికి అది మధ్యలోనే పొడిపొడి అయిపోయి, జల్లెడ పట్టిన పిండిలా అద్దం మీద వాలింది. ఒక మబ్బుతునక తెరిచిన కిటికీలోంచి లోపలికొచ్చింది. కుక్క దాన్ని కొరకబోయింది. దొరక్కపోయేసరికి, తప్పంతా రొట్టెలాయనదే అన్నట్టు అతనివైపు చూసింది.

"నన్ను చూస్తావేం? నేను దాచానా?" అన్నాడు.

మలుపు వచ్చింది. ఇంజను ఆపాడు. కింద లోయ నిండా మబ్బులు, అప్పుడు చూసినవే ఇంకా కదల్లేదన్నట్టు, తెల్లగా నిద్రపోతున్నాయి.

"దిగు," అన్నాడు కుక్కతో. "ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదు. నడిచిపో."

కుక్క ఆవులించింది.

"నిన్నే."

అతని చొక్కా చేతి మడతలో ఎన్నాళ్ళనాటిదో పిండి ఉంటే, అది నాకింది. అతను దిగి, చుట్టూ తిరిగొచ్చి అటువైపు తలుపు తీశాడు. కుక్క తాపీగా లేచి, డ్రైవరు సీట్లోకి జరిగి కూర్చుంది.

"ఓహో! తమరు నడుపుతారా?"

ఆ మాటలో తన నవ్వు తనకే వినపడి ఉలిక్కిపడ్డాడు. పైన బడి బస్సులో పిల్లలు చేతులు రుద్దుకుంటూ ఈ మలుపువైపే చూస్తుంటారు కాబోలు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. జుట్టు మంచుకి తడిసింది.

"సరే జరుగు. నిన్ను అప్పజెప్పి వెనక్కొస్తా. అంతే."

పై గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. "దొరొచ్చాడోయ్!" అని బస్సులోంచి పిల్లలు కేకలు పెట్టారు. గేటమ్మ శాలువా సర్దుకుంటూ వచ్చింది.

"ఆలస్యమైందేం నాయనా?"

"మబ్బులు చూస్తూ ఆగాం."

"మంచిపని చేశారు," అంటూ ఆవిడ వేడి టీ గ్లాసు అతని చేతిలో పెట్టింది. "ఈ బండ్లన్నీ పోయాక ఆఖరున నువ్వు దిగుదువుగాని. వీణ్ణి మళ్ళీ కింద దించాలి."

"మళ్ళీ నేనేనా?"

"ఖాళీ వ్యానేగా! వాడేమన్నా నీ నెత్తినెక్కి కూర్చుంటాడా?"

దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర ఆగడం కుదరలేదు. దొర అతని తొడమీద తలపెట్టి నిద్రపోతున్నాడు. కుదుపుకి లేస్తాడేమోనని, అన్నం తిన్న పసివాణ్ణి భుజాన వేసుకుని నడిచినట్టు, వ్యానుని మెల్లగా పోనిచ్చాడు. చెట్ల సందుల్లోంచి పొద్దు వాలుతూ దొర వీపు మీద బంగారు మరకలు వేసింది.

కింద గేటాయన తలుపు తీశాడు. దొర ఒళ్ళు విరుచుకుని దిగాడు. రొట్టెలాయన మాత్రం కదల్లేదు.

"వీడు రొట్టె తింటాడా?"

"మాడిన అంచంటే ప్రాణం పెడతాడు."

"అయితే రేపు తెస్తా," అని రొట్టెలాయన వ్యాను ఊరివైపు తిప్పాడు. ఆ వీధిలో దర్జీ ఇంకా కొట్టు మూయలేదు.

"ఇంక ఆపు తల్లీ. కింద గేట్లో నా బదులు కొత్తగా చేరాడు కదా మీ బాబాయి, వాడికిది చదివి వినిపించు. మొహం చూసి, దొర మనవణ్ణి ఎవరి బండి ఎక్కించాలో వాడికి తెలియాలి. గేటు తీయమని చెప్పడానికంటావా, పై గేటుకి ఫోను మొదట్నించీ ఉంది."