నాయన అడిగిన కాయలు

"ఇంకా ముట్టలా రా," అన్నాడు ఫోన్లో అన్న సుమంత్. "గారెలు పెట్టినాం. భక్ష్యాలు పెట్టినాం. ఉగ్గాని, బజ్జీ కూడా పెట్టినాం. దేన్నీ ముట్టలా. అమ్మ ఒగటే ఏడుపు. నువ్వు యాడుండావ్?"

"నంద్యాల వచ్చినా. సూపర్ మార్కెట్ ముందరే ఉండా," అన్నాడు మనోజ్.

"బేగా రా. పన్నెండు దాటితే ఇంక లాభం లేదంటాండారు. ఆకు ఎత్తేద్దామంటాండారు."

టైం పది. మనోజ్ బైక్ తాళం కూడా తీయకుండా లోపలికి పరుగెత్తాడు. అక్కడ ఆళ్లగడ్డలో నాయన ముట్టేదాకా ఎవరూ గుక్కెడు నీళ్లు కూడా తాగరు.

నాయన శేషాద్రి శెట్టి మొండితనం ఆళ్లగడ్డ బజారంతటికీ తెలిసిందే. ఆయన అలిగితే బతిమాలుకోవాల్సిందే, వేరే దారి లేదు. పొద్దున్నుంచీ అందరూ ఆ పనిలోనే ఉన్నారు. కిరాణా అంగడిని పంచుకోబోమని కొడుకులిద్దరూ మాటిచ్చారు. అమ్మ కంట తడి పెట్టనియ్యమన్నారు. అమ్మ కమలాక్షమ్మ అయితే, ఈ నలభై ఏళ్లలో ఎప్పుడైనా నోరు జారి ఉంటే మన్నించమని చేతులు జోడించింది. ఆయన మాత్రం దేనికీ లొంగలేదు.

చివరికి మనోజ్ భార్య కీర్తికి తట్టింది. "మామకు ఆ కాయలంటే పానం కదా. అవి పెట్టి చూద్దాం," అంది.

ఆ మాట పూర్తికాకముందే మనోజ్ బైక్ ఎక్కాడు. ఆ తొందర ఎందుకో అతనొక్కడికే తెలుసు.

కిందటేడు శేషాద్రికి చక్కెర జబ్బు బయటపడింది. డాక్టరు బజ్జీలు మాన్పించాడు. సాయంత్రం నాలుగైతే చాలు, ఏదో ఒకటి నమలకపోతే ఆయనకు కాలూ చెయ్యీ ఆడదు. కీర్తి సెల్లులో చూసి పచ్చి సోయా కాయలు తెప్పించింది. ఎడమామే అంటారని పేరు చెప్పింది. "ఎడమ మామో, కుడి మామో, పెట్టు తల్లీ," అన్నాడాయన. పశువుల దాణా అని నాలుగు రోజులు ఎగతాళి చేశాడు. ఐదో రోజు తనే అడిగాడు. ఉప్పునీళ్లలో ఉడికిన కాయను పళ్ల మధ్య పెట్టి లాగి, గింజలు నోట్లోకి జారగానే చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. అంగడికొచ్చిన వాళ్లందరికీ తలా రెండు పెట్టేవాడు. చక్కెర కూడా దారికొచ్చింది.

ఇంట్లో కాయలు అయిపోయాయి. "నంద్యాల పోతాండావు కదప్పా, నాకు ఆ కాయలు తెచ్చిపెట్టు," అన్నాడు నాయన. మనోజ్ మర్చిపోయాడు. రెండోసారి అడిగాడు. మళ్లీ మర్చిపోయాడు. మూడోసారి అడిగితే, అంగట్లో గిరాకీల ముందరే కసిరేశాడు. "ఏందీ నాయనా, ఎప్పుడు చూసినా నీ తిండి గోలేనా?"

నాయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఇది జరిగి సరిగ్గా పన్నెండు రోజులు. అప్పటినుంచీ మనోజ్‌కు కంటి మీద కునుకు లేదు.

సూపర్ మార్కెట్లో ఫ్రీజర్ అడుగు దాకా వెతికాడు. బఠానీలున్నాయి, మొక్కజొన్నలున్నాయి. కాయలు లేవు.

"కొనేవాళ్లు లేక తెప్పించడం మానేసినారన్నా," అంది కౌంటర్ దగ్గర లావణ్య అనే అమ్మాయి. అతని చెప్పుల్లేని కాళ్లనూ, తడి పంచెనూ చూసి జాలిపడినట్టుంది. "మాది గోస్పాడు. మా ఊర్లో లక్ష్మీనారాయణ అని ఒకాయన ఈసారి సోయా వేసినాడు. రోడ్డు పక్కనే చేను. పోయి అడుగు."

మనోజ్ గోస్పాడు దాకా బండి తోలిన తీరు చూస్తే ఎవరైనా తిట్టేవాళ్లే.

"పచ్చి కాయలా?" లక్ష్మీనారాయణ తలపాగా సర్దుకున్నాడు. "గింజ ఎండలేదు కదప్పా. ఎవరు తింటారు?"

"మా నాయన," అన్నాడు మనోజ్. "పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదన్నా. నీ కాళ్లు పట్టుకుంటా."

రైతు ఇంకేమీ అడగలేదు. తనే చేలోకి దిగి, నూగుతో ఉన్న పచ్చి కాయలు తువ్వాలు నిండా కోసి మూట కట్టిచ్చాడు. "పో. మీ నాయన కడుపు నిండనీ," అన్నాడు.

సిరివెళ్ల దాటేసరికి పదకొండుంపావు. లారీలను, ఆటోలను దాటుకుంటూ మనోజ్ దారంతా ఒకటే మాట గొణుగుతున్నాడు. "తెస్తాండా నాయనా. తెస్తాండా. కోపం పెట్టుకోవద్దు."

పొద్దున్నుంచీ ఇంటివాళ్లంతా ఊరి బయట తమ తోటలోనే ఉన్నారు. కీర్తి పొయ్యి ఆర్పకుండా నీళ్లు మరిగిస్తూ ఉంది. కాయలు కడిగి వేసింది. ఉప్పు వేసింది. పది నిమిషాలు ఉడకాలంది. ఆ పది నిమిషాలూ ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

మనోజ్ వేడి కాయలను దోసిట్లోనే తీసుకెళ్లాడు. చేతులు కాలుతున్నా వదల్లేదు. విస్తట్లో పోసి, నేల మీద సాష్టాంగపడ్డాడు.

"ఆలస్యమైంది నాయనా. నాదే తప్పు. నలుగురి ముందర నిన్ను అట్లా అనకూడదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తిను నాయనా."

"లెయ్ రా," అని సుమంత్ రెక్క పట్టి లేపాడు. "మనం ఈడ నిలబడితే తినడు. దూరం పోదాం రా."

అందరూ బావి వెనక్కి వెళ్లి నిలుచున్నారు. పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి. కమలాక్షమ్మ కళ్లు మూసుకుంది. మనోజ్ మూసుకోలేదు.

అప్పుడు కొబ్బరిమట్ట మీంచి ఒక కాకి కిందికి దిగి, పదో రోజు పిండాన్ని దాటుకుంటూ విస్తరి దాకా గెంతి, ఒక పచ్చి కాయను ముక్కున కరచుకుని ఎగిరిపోయింది.