రెండు పైపుల పగ

“ఇంకోసారి చెప్పు బాబాయ్, ఏ పడవకి ఎలాంటి స్టీరింగ్?”

మెకానిక్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. “చిన్న పడవలకి ఇంజనుకే హ్యాండిల్ ఉంటుందమ్మా. దాన్ని కుడికి నెడితే పడవ ఎడమకి పోతుంది.”

“ఆ సంగతి మా ఆయనకి బాగా తెలుసులే,” అంది కొత్త పెళ్లికూతురు పళ్లు కొరుకుతూ.

తెలియకేం! కిందటి ఆదివారం, సరస్సులో బోట్లు నడిపే బావ, అంటే ఆమె అక్క మొగుడు, తన కొత్త తోడల్లుణ్ణి హ్యాండిల్ పడవలో కూర్చోబెట్టి, “కుడికి పోవాలంటే కుడికి నెట్టు తమ్ముడూ, అంతే!” అన్నాడు. పాపం, నెట్టాడు. పడవ ఎడమకి తిరిగి గట్టుకి కట్టిన టైర్లను గుద్దింది. మనిషి ఎగిరి నీళ్లలో పడ్డాడు. నెత్తిన నాచుతో లేచి నిలబడేసరికి బావ పొట్ట పట్టుకుని కూలబడి నవ్వుతున్నాడు. ఆ పూట నుంచి ఆమె మొగుడి పేరు నీటికోడి. అన్నం దగ్గర కూడా అదే వరస: “నీటికోడిగారికి ఇంకాసిని నీళ్లు పొయ్యండర్రా!”

నీటికోడి మాత్రం నవ్వేసి ఊరుకున్నాడు. “పోనిద్దూ, సరదాకేగా” అన్నాడు. ఎంత వెన్నలాంటి మనిషి! ఆ వెన్నను చూసేకొద్దీ ఆమె కడుపు రగిలిపోయింది. ఆయన పగ కూడా తనే పట్టాలన్నమాట.

“కాస్త పెద్దవాటికి చక్రం,” మెకానిక్ కొనసాగించాడు. “కొన్నిట్లో చక్రం నుంచి ఇంజను దాకా ఇనప కేబుల్. తిప్పేసరికి భుజాలు పడిపోతాయి. మరీ ఖరీదైనవాటికి అన్నీ కరెంటు వైర్లే, వాటి జోలికి నేను పోను. మీ బావగారి కొత్త బోటుది ఆయిల్ స్టీరింగ్. పైపులో ఆయిలే ఇంజన్ని నెడుతుంది. ఒక్క వేలితో తిప్పచ్చు.”

“పైపులు ఎన్ని?”

“రెండు. బిగించేటప్పుడు అవి తారుమారయ్యాయా, చక్రం అటు తిప్పితే బోటు ఇటు పోతుంది. మళ్లీ విప్పి మార్చి బిగిస్తేగానీ దారికి రాదు.” మెకానిక్ ఆమెను ఎగాదిగా చూశాడు. “ఏంటోనమ్మా, మీ ఇంటిల్లిపాదికీ ఒక్కసారే బోట్ల పిచ్చి పట్టింది.”

శనివారం మధ్యాహ్నం బావ భోంచేసి గుర్రు పెడుతున్న వేళ ఆమె షెడ్డులో దూరింది. కొత్త బోటు ముసుగు కిందే ఉంది. రేపు చుట్టాలందరి ముందు మొదటిసారి నీళ్లలోకి దిగుతుంది. చక్రం కింది పలక మరలు ముట్టుకుంటేనే ఊడివచ్చాయి. అడుగున నాలుగు ఆయిల్ చుక్కలు. బావ యవ్వారమెప్పుడూ ఇంతే, పైన పటారం లోన లొటారం! పైపులు తారుమారు చేసి, ఒలికినంత ఆయిల్ తిరిగి పోసింది. గట్టు దగ్గర నీళ్లు మెడలోతే, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంటుంది. ప్రాణానికి ఢోకా లేదు. పరువు సంగతంటారా, అది ఆమె పూచీ కాదు.

ఇంటికి వచ్చేసరికి నీటికోడి చొక్కా చేతి అంచును సబ్బు పెట్టి రుద్దుతున్నాడు.

“ఆ మరకేంటండీ?”

“సైకిల్ చైన్ ఊడింది. ఎంత రుద్దినా చావట్లేదు.” ఆమె తన వేళ్లు కొంగులో దాచుకుంది. “రేపు మనం అందరికన్నా ముందు నిలబడదామా?” అన్నాడతను.

“మీకెందుకండీ మళ్లీ ఆ బాధ?”

“పాపం, అన్నయ్య సంబరం చూడాలిగా.”

వెన్న! వట్టి వెన్న!

మర్నాడు బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని బోటెక్కాడు. “ఏం మరదలా, చూస్తూండు, ఒక్క వేలితో! తమ్ముడూ, నువ్వు మాత్రం నాలుగడుగులు వెనక్కి జరుగు. నీళ్లకి నువ్వంటే మరీ ఇష్టం!”

చుట్టాలు గొల్లుమన్నారు. నవ్వు బావా, నవ్వు, అనుకుంది ఆమె. నీటికోడి ఫోనెత్తి వీడియో మొదలుపెట్టాడు.

బోటు కదిలింది. బావ చక్రాన్ని ఒక్క వేలితో కుడికి తిప్పాడు. బోటు హొయలుగా కుడికే తిరిగింది. ఎడమకి తిప్పాడు. ఎడమకే. గట్టంతా చప్పట్లు. అక్క ఈల కూడా వేసింది.

ఇదెలాగబ్బా, అనుకుంది ఆమె. పక్కకు చూస్తే, ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయి ఉంది. నీటికోడి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“మీకేమైందండీ?”

ఇక కడుపులో దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. అతని రెక్క పట్టుకుని షెడ్డు చాటుకు లాక్కెళ్లింది.

“మీ కోసం నిన్న మధ్యాహ్నం నేనే ఆ పైపులు రెండూ తారుమారు చేశానండీ! మరి సరిగ్గా ఎలా పోతోంది?”

అతను గుడ్లప్పగించి ఆమెను చూశాడు. తర్వాత తన చొక్కా అంచు మరక వైపు చూసుకున్నాడు.

“నేను నిన్న పొద్దున్నే మార్చేశాను,” అన్నాడు నీటికోడి.